చొక్కా పట్టి లాగినందుకు

ఆ ఆగస్టు ఆఖరి ఆదివారం సాయంత్రం లెగిమిన్ తన సొంత అల్లుడికి ఎర్ర కార్డు చూపించాడు. చాటుగా కాదు. సుంబెర్‌వరు ఊరూ కరంగ్‌తెంగా ఊరూ మొత్తం కదిలొచ్చి చెరుకు చేల గట్ల మీద, లారీల మీద, మామిడి కొమ్మల మీద ఎక్కి చూస్తుండగా చూపించాడు. ఇంకో పదమూడు రోజుల్లో ఆయన కూతురు వినార్సికి ఏడో నెల స్నానం. తొలిచూలు. తల్లి లేని పిల్ల. పుట్టింటి తరఫున ఆమె తల మీద నీళ్లు పోయడానికి ఉన్నది ఆయనొక్కడే. ఆ స్నానం జరగబోయేది ఆ అల్లుడి ఇంట్లోనే.

"మనిషికి మతి పోయింది" అన్నారు కొందరు. "మతి పోలేదు, కూతురు పోతుంది, చూస్తూ ఉండండి" అన్నారు ఇంకొందరు.

లెగిమిన్‌ది ఆ రెండు ఊళ్లకీ మధ్యనున్న తెగల్‌సారి. టెంపే చేసి అమ్మేవాడు. సోయా గింజలు ఉడికించి, వాగు నీళ్లలో బుట్ట పెట్టి, పొట్టు మొత్తం వదిలేదాకా కాళ్లతో తొక్కేవాడు. పక్క ఊళ్లో చేసేవాళ్లు సగం పొట్టుతోనే కట్టేసేవాళ్లు. ఈయన తొక్కిన గింజ ముత్యంలా ఉండేది. బూజు తోడు కలిపి అరిటాకుల్లో చుట్టి రెండు రోజులు వదిలేస్తే, కట్టు విప్పేసరికి తెల్లటి గడ్డ కట్టి, బిగువుగా, వాన పడ్డాక లేచే పుట్టగొడుగు వాసనతో ఉండేది. ఇంత తొక్కడం ఎందుకని ఎవరన్నా అడిగితే, "తినేవాడికి తెలుస్తుంది" అనేవాడు. ఆ మనిషి పోయి చాలా కాలమైంది. ఆ ఊళ్లలో ఇప్పటికీ టెంపే నోట్లో పెట్టుకున్నవాళ్లు ఒక్క క్షణం ఆగి, ఆయన్ని తలుచుకుని, తర్వాత నములుతారు.

పొద్దున టెంపే, సాయంత్రం ఈల. ఇరవై ఆరేళ్లు ఆ చుట్టుపక్కల ఊళ్ల ఫుట్‌బాల్ పోటీలకి ఆయనే రిఫరీ. మోకాళ్లు బాగున్నన్నాళ్లూ బంతి కంటే ముందు పరిగెత్తాడు. తర్వాత బంతి ఎక్కడికి వస్తుందో ముందే కనిపెట్టి అక్కడ నిలబడేవాడు. భార్య రుకియెం బతికున్నప్పుడు ప్రతి ఆటకీ వచ్చేది. జనంలోంచి ఎవడో ఒకడు "ఒరేయ్ రిఫరీ, గుడ్డోడా!" అని అరిచేవాడు. ఆమె వెనక్కి తిరిగి, "కళ్లు బాగానే ఉన్నాయి నాయనా, నన్ను చూసే చేసుకున్నాడు" అనేది. అరిచినవాడితో సహా అందరూ నవ్వేవాళ్లు. రిఫరీని కొట్టడానికి సిద్ధపడ్డ జనం నవ్వేశాక ఇంకేం కొడతారు? తాను ఇన్నేళ్లు దెబ్బ తినకుండా ఇంటికి రాగలిగింది తన తీర్పుల వల్ల కాదనీ, రుకియెం నోటి వల్లనేననీ ఆయన అందరితో చెప్పుకునేవాడు. ఆమె పోయాక నల్ల చొక్కా తనే ఉతుక్కోవడం నేర్చుకున్నాడు. కాలరు మాత్రం ఆమె తోమినట్టు ఎన్నడూ రాలేదు.

చొక్కా లాగడం గురించి ఆయనకి అంత పట్టుదల ఎందుకంటే, దానికి వారియున్ అనే బండివాడు కారణం.

ఇరవై మూడేళ్ల వయసులో లెగిమిన్ తెగల్‌సారి జట్టులో వెనక ఆడేవాడు. వారియున్ కరంగ్‌తెంగా తరఫున ముందు ఆడేవాడు. చెరుకు బండి తోలేవాడు, ఎద్దుల పక్కన నడిచి నడిచి కాళ్లు ఇనపకమ్ముల్లా ఉండేవి. ఒక ఫైనల్లో స్కోరు సమానంగా ఉండగా, వారియున్ బంతిని ఆయన కాళ్ల మధ్య నుంచి తోసి, మైదానం సగంలోంచి ముందుకు దూసుకుపోయాడు. లెగిమిన్ చెయ్యి చాచి చొక్కా పట్టుకున్నాడు. గుండీలు తెగాయి, వారియున్ పడ్డాడు. పసుపు కార్డు ఇచ్చారు. చివరికి తెగల్‌సారి గెలిచింది. ఊరు లెగిమిన్‌ని భుజాల మీద మోసింది. బహుమతిగా వచ్చిన మేకలో మంచి ముక్క ఆయన ఆకులో వేశారు.

ఏళ్లు గడిచాక ఒకసారి చక్కెర మిల్లు ముందు బండ్ల వరసలో ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. వారియున్ లవంగం సిగరెట్టు ఒకటి ఆయనకిచ్చి తనొకటి ముట్టించుకున్నాడు.

"మిన్, ఆ ఆట ఎవరు గెలిచారో నాకు గుర్తులేదోయ్" అన్నాడు.

"మేమే గెలిచాం."

"అవునా. మంచిది. నాకు ఆ పరుగొక్కటే గుర్తుంది. గోలు పడేదని కాదు. నా సంగతి నీకు తెలుసుగా, గోలీ చేతుల్లోకే కొట్టేవాణ్ణేమో. కానీ అది నా పరుగు. ఎక్కడిదాకా పోయేదో నాకు తెలియకుండానే అయిపోయింది."

కోపంతో అని ఉంటే లెగిమిన్ ఆ మాట ఎప్పుడో మర్చిపోయేవాడు. వారియున్ నవ్వుతూ అన్నాడు, అని బండి ముందుకి జరుపుకున్నాడు. ఆ మాట అన్నందుకు లెగిమిన్ జీవితాంతం అతనికి కృతజ్ఞుడిగా ఉన్నాడు. అతని అంత్యక్రియల్లో పాడె ఒక కొస ఆయనే పట్టాడు. అప్పట్నుంచీ ఎవరన్నా వెనకనుంచి చొక్కా లాగిన ప్రతిసారీ, పుస్తకం ప్రకారం పసుపు కార్డు తీస్తూనే, ఇది చాలదు అనుకునేవాడు. పైకి అనేవాడు కాదు.

ఆ ఏడు ఆఖరి ఏడు. మోకాళ్లు ఇక వద్దన్నాయి. ఫైనల్లో సుంబెర్‌వరూ కరంగ్‌తెంగా తలపడ్డాయి. సుంబెర్‌వరు కెప్టెను ఆయన అల్లుడు హర్తోయో. వేరే రిఫరీని పెట్టుకుందామా అని కరంగ్‌తెంగా వాళ్లని అడిగితే వాళ్లు నవ్వారు. "అల్లుడని మెత్తబడతాడా? ఆయన తన నీడ ముందుకొచ్చినా ఆఫ్‌సైడ్ ఇస్తాడండీ. ఆయనే కావాలి" అన్నారు.

ఆటకి ముందు బుధవారం ఊరిపెద్ద ఇంటి వసారాలో మాటలు జరిగాయి. రెండు జట్ల కెప్టెన్లు, పెద్దలు, అరటికాయ బజ్జీలు, ఉడికించిన వేరుశెనగలు, వేడి టీ. అంతా అయ్యాక లెగిమిన్ గొంతు సవరించుకున్నాడు.

"నాదొక కోరిక. ఆట ఆపడం కోసమే, పరిగెత్తేవాణ్ణి వెనకనుంచి చొక్కా పట్టుకునో నడుం పట్టుకునో పడేస్తే, ఈ ఫైనల్లో ఎర్ర కార్డు ఇస్తాను. మైదానంలో ఎక్కడైనా సరే. గోలు ముందరైతే ఎలాగూ ఎర్రదే. సగం మైదానంలో అయితే పుస్తకంలో పసుపే ఉంది, నాకు తెలుసు. ఇది మన ఊళ్ల ఆట, మనం అనుకుంటే చాలు. ఏమంటారు?"

అందరూ తలలు వంచి ఊపారు. "అలాగేనండీ, తమరు చెప్పాక ఇంకేముంది" అన్నారు. హర్తోయో అందరికంటే కిందకి వంచాడు, అల్లుడు కదా. ఊరిపెద్ద ఇంకో విడత టీ పోయించాడు.

ఆ ఊళ్లలో పెద్దమనిషి మాటని మొహం మీద కాదనడం ఉండదు. తలూపుతారు. ఇష్టం లేకపోతే తర్వాత మర్చిపోతారు. మర్చిపోవడమే వాళ్లు కాదనే పద్ధతి. లెగిమిన్‌కి ఇది తెలియక కాదు. వినార్సి పెళ్లి మాటల్లో ఆయనే రెండు మూడు సంగతులకి తలూపి ఆనక హాయిగా మర్చిపోయాడు. కానీ ఆ బుధవారం ఆ ఒక్కటీ జరగాలని ఎంతగా కోరుకున్నాడంటే, ఊగిన తలలన్నీ ఒప్పుకున్నాయనే నమ్మేశాడు. చీకటి పడకముందే ఇల్లు చేరి సంతోషంతో గింజలు నానబోసుకున్నాడు.

ఆదివారం ఆట ఇంకో పది నిమిషాల్లో అయిపోతుందనగా ఎవరికీ గోలు లేదు. కరంగ్‌తెంగాలో దనాంగ్ అని ఇటుకల బట్టీలో పనిచేసే బక్క కుర్రాడు ముందు ఆడుతున్నాడు. మైదానం నడిమధ్య బంతి అందుకుని, ఒక్క మెలికతో హర్తోయోని దాటేశాడు. ఇక అడ్డుపడాల్సిన ఒక్క వెనకవరసవాడూ ఎడమ పక్కన ఎక్కడో దూరంగా ఉన్నాడు. జనం ఒక్కసారిగా లేచారు. హర్తోయో చెయ్యి చాచి చొక్కా గుప్పిట పట్టాడు. చొక్కా వలలా సాగింది. దనాంగ్ కూలబడ్డాడు.

లెగిమిన్ ఈల ఊదాడు. హర్తోయో చాలా మర్యాదగా దనాంగ్‌కి చెయ్యిచ్చి లేపబోయాడు, తల నిమిరాడు. తర్వాత పిలవకుండానే రిఫరీ దగ్గరికి నడిచొచ్చి, చేతులు ముందు కట్టుకుని, తల వంచి నిలబడ్డాడు. భోజనాల దగ్గర తన వంతు ఆకు కోసం నిలబడ్డట్టుంది ఆ నిలబడ్డం. పసుపు కార్డు వస్తుంది, తీసుకుని వెళ్లిపోతాడు, అంతే. ఆ నిదానం చూశాడు లెగిమిన్. చెయ్యి జేబులోకి వెళ్లి ఎర్ర కార్డుతో బయటికి వచ్చింది.

హర్తోయో తలెత్తాడు. "చొక్కాయే కదండీ, మామయ్యా" అన్నాడు, వినీ వినపడకుండా.

మైదానం చుట్టూ అరుపులు లేచాయి. ఊరిపెద్ద లుంగీ ఎగ్గట్టుకుని లోపలికి పరిగెత్తుకొచ్చాడు. "లెగిమిన్ గారూ, చొక్కాకి ఎర్ర కార్డేంటండీ?"

"బుధవారం అనుకున్నాం కదండీ."

"అనుకున్నామా?" అన్నాడు ఊరిపెద్ద. అబద్ధమాడే మొహం కాదది. నిజంగానే గుర్తులేని మొహం.

అప్పుడు అర్థమైంది లెగిమిన్‌కి, ఆ బుధవారం వసారాలో ఏం జరిగిందో. కార్డు జేబులో పెట్టేసుకుని పసుపుది తీయొచ్చు. ఎవరూ తప్పు పట్టరు. దనాంగ్ వైపు చూశాడు. వాడింకా అక్కడే కూర్చుని, సాగిపోయిన చొక్కా మీద గడ్డి ఒక్కో పరక తీసి పారేస్తున్నాడు, ముందున్న ఖాళీ మైదానం వైపు చూస్తూ. లెగిమిన్ చెయ్యి దించలేదు.

హర్తోయో చేతికున్న కెప్టెన్ గుడ్డ విప్పి తోటివాడికిచ్చి బయటికి నడిచాడు. వెళ్తూ మామగారి చెయ్యి ముట్టుకుని కళ్లకద్దుకోలేదు. ఇంటికెళ్లినా, బజార్లో ఎదురైనా, ఆఖరికి పసుపు కార్డు తీసుకున్నా, అద్దుకోకుండా వెళ్లిన రోజు అంతకుముందు లేదు. ఇంకో ఆరు నిమిషాలకి కరంగ్‌తెంగా కార్నర్ కిక్కులోంచి గోలు కొట్టింది. మేక అటు వెళ్లింది.

మర్నాడు పొద్దున టెంపే కట్టలు పట్టుకుని లస్మినీ కాఫీ కొట్టుకి వెళ్లాడు. ఎప్పుడూ వెళ్లే కొట్టే. లస్మినీ మొగుడు పోయిన మనిషి, మాట పదును.

"టెంపే తీసుకోవచ్చా అన్నయ్యా? తీసుకుంటే నాక్కూడా ఎర్ర కార్డా?" అంది.

బెంచీ మీద చెరుకు లారీ డ్రైవరు కూర్చున్నాడు. సుంబెర్‌వరు మనిషి. రాత్రంతా ఇదే ఆలోచించినట్టున్నాడు. "నాకొకటి చెప్పండి బాబాయ్. చొక్కా లాగితే ఎర్ర కార్డయితే, కాలు విరగ్గొడితే ఏమిస్తారు? ఉరిశిక్షా?"

"కాలు విరగ్గొట్టేవాడు కోపంలో కొడతాడు" అన్నాడు లెగిమిన్. "లేదా అర సెకను ఆలస్యంగా వచ్చి కొడతాడు. చొక్కా లాగేవాడికి కోపమూ లేదు, ఆలస్యమూ లేదు. చల్లగా ఆలోచించుకున్నాడు. పసుపు కార్డే కదా, పడేద్దాం, వీడి పరుగు ఆపేద్దాం అనుకున్నాడు. దేనికైనా ధర కట్టి బోర్డు పెట్టాక అది తప్పెలా అవుతుందిరా? సరుకవుతుంది."

"అదే తెలివంటే. తెలివి కూడా ఆటలో భాగమే కదా. మా గోలీ గెలుస్తున్నప్పుడు బూటు తాడు అయిదుసార్లు కట్టుకుంటాడు. వాణ్ణి కూడా పంపేస్తారా?"

"తాడు కట్టుకుంటే ఆట ఆలస్యమవుతుంది. చొక్కా లాగితే ఆటే లేకుండా పోతుంది. నువ్వు మామిడి కొమ్మ మీద కూర్చున్నావుగా నిన్న. దనాంగ్ దాటినప్పుడు లేచావా లేదా?"

"లేచాను. కొమ్మ కూడా విరిగింది."

"ఏం చూద్దామని లేచావు?"

డ్రైవరు తల గోక్కున్నాడు. తర్వాత తెలివిగా నవ్వాడు. "మీరు కూడా లాగారట కదా చిన్నప్పుడు. మీకు ఎర్రది ఇచ్చారా?"

"ఇవ్వలేదు. ఇచ్చి ఉంటే బాగుండేది."

"అందుకని దాచి దాచి అల్లుడికిచ్చారన్నమాట. మామగారి కానుక బాగుంది!"

కొట్టులో అందరూ నవ్వారు. లెగిమిన్ కూడా నవ్వబోయాడు. లస్మినీ మాత్రం నవ్వకుండా, కాఫీ గ్లాసు ఆయన ముందు పెట్టి, ఎదురుగా నిలబడింది.

"కార్డు న్యాయమో కాదో నాకు తెలీదన్నయ్యా, నాకు ఆట తెలీదు. కానీ వాళ్లు ఒప్పుకున్నారంటున్నావు చూడు, అది మాత్రం అనకు. తలూపారు. నేను మా ఆయన ముందు ముప్పై ఏళ్లు తలూపాను. దేనికి ఒప్పుకుని ఊపానో, దేనికి మనసులో తిట్టుకుంటూ ఊపానో ఆయనకి చచ్చేదాకా తెలీదు. ఒప్పుకోని రూలు పెట్టి ఒకణ్ణి ఊరి ముందు నిలబెట్టడం, అదేం పని?"

లెగిమిన్ కాఫీ తాగాడు. చక్కెర వేసుకోవడం మర్చిపోయాడు. ఆ మాట గింజలో రాయిలా పంటికింద పడింది.

వినార్సి వారానికి రెండుసార్లు సంతకి వచ్చేవాళ్లతో కబురు పంపేది. ఏం తిన్నదీ, పిల్ల ఎలా తన్నుతున్నదీ, తండ్రి మోకాలికి నూనె రాసుకుంటున్నాడో లేదో. ఆ వారం కబురు లేదు. పై వారమూ లేదు. స్నానం రోజుకి పొరుగిళ్లవాళ్లకి పిలుపులు అందాయి. ఏ ఏడు బావుల నుంచి నీళ్లు తేవాలో కూడా అక్కడ నిర్ణయమైపోయిందని ఎవరో చెప్పారు. తండ్రిని ఒకరు పిలవాల్సిన పని లేదు నిజమే, తండ్రే దగ్గరుండి అన్నీ చూస్తాడు. కానీ ఏమీ అడక్కపోతే, పిలవలేదని అనుకోవాలా, పిలవక్కర్లేదని అనుకోవాలా? ఆ పిల్ల తల మీద ఎవరు పోస్తారు? అత్తింటివాళ్లు పిన్ని వరసామెని ఎవరినో మాట్లాడుకుంటున్నారట. ఆ సంగతి విన్న రోజు లెగిమిన్ గింజలు వేడి తగ్గకముందే తోడు కలిపేశాడు. రెండు రోజులకి కట్టలు విప్పితే మొత్తం నల్లబడి నీళ్లు కారుతోంది. ఇరవై ఏళ్లలో ఆయన చేతిలో పాడైన మొదటి వాయి అది. బుట్టెడూ తీసుకెళ్లి కోళ్లకి పోశాడు.

గురువారం మధ్యాహ్నం సైకిలెక్కి సుంబెర్‌వరు బయల్దేరాడు. వెనక అరటి గెల కట్టుకున్నాడు. పిల్లనిచ్చినవాడు పిలవకుండా వియ్యంకుడి గడప ఎక్కడమంటే తల దించుకోవడమే అక్కడ. చెరుకు తోటల మధ్య దారి పొడుగునా, ఇక్కణ్ణుంచి వెనక్కి తిరగొచ్చు, ఇంకా ఎవరూ చూడలేదు అనుకుంటూనే తొక్కాడు.

హర్తోయో తండ్రి సార్పిన్ లవంగ తోటల రైతు, గట్టి మనిషి. గెల అందుకోలేదు, వసారాలో మూలన పెట్టించాడు. కుర్చీ చూపించాడు. లోపలినుంచి టీ వచ్చింది. ఆ ఊళ్లలో ఇంటాయన "తాగండి" అనేదాకా వచ్చినవాడు గ్లాసు ముట్టుకోడు. సార్పిన్ అనలేదు. టీ మీద ఆవిరి లేచి లేచి ఆగిపోయింది.

"ఎండన పడి వచ్చారు" అన్నాడు సార్పిన్ చివరికి.

"వచ్చాను బావగారూ. తప్పు చెప్పుకుందామని."

"కార్డు వెనక్కి తీసుకుంటారా? ఆట అయిపోయింది. మేక కూడా అయిపోయింది, కరంగ్‌తెంగా వాళ్లు ఆ రాత్రే కూర వండుకున్నారు."

"కార్డు వెనక్కి తీసుకోవడానికి రాలేదండీ. అది తప్పని నాకింకా అనిపించట్లేదు. నా తప్పు బుధవారానిది. తలలూపితే ఒప్పుకున్నారనుకున్నాను. ఈ గాలి పీల్చి పెరిగి, ఈ వయసొచ్చి. ఒక్కొక్కరినీ నోరు తెరిచి చెప్పమని అడగాల్సింది. అడిగితే కాదంటారని భయపడి అడగలేదు. మీ అబ్బాయికి తెలియని రూలుతో, మీ అందరి ముందూ పరువు తీశాను. ఆ ఒక్కదానికి మన్నించమని అడగడానికొచ్చాను. స్నానం సంగతి మీ ఇష్టం. నేను పోసినా, ఇంకెవరు పోసినా, పిల్ల చల్లగా ఉంటే చాలు."

సార్పిన్ మూలనున్న అరటి గెల వైపు చూశాడు.

"అదేగా నేనూ అంటున్నది" అన్నాడు. "రూలు తెలిసి చేస్తే నాలుగు తన్నండి. తెలియనివాణ్ణి..."

"నాకు తెలుసు, నాన్నా."

హర్తోయో గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎంతసేపట్నుంచి ఉన్నాడో.

"ఏం తెలుసు?" అన్నాడు సార్పిన్.

"రూలు. మామయ్య బుధవారం చెప్పింది మొత్తం విన్నాను. మిగతావాళ్లు మర్చిపోవడానికి ఊపారు. నేను వినే ఊపాను. దనాంగ్ నన్ను దాటినప్పుడు ఎర్ర కార్డని గుర్తొచ్చింది కూడా." ఆగాడు. "మామయ్య నాకు చూపించడనుకున్నాను. వినార్సి కడుపుతో ఉంది, స్నానం దగ్గర పడింది, ఆయన చెయ్యి లేవదులే అనుకున్నాను. అనుకునే లాగాను."

సార్పిన్ మొహం ఎర్రబడింది. "పదకొండు రోజుల్నుంచి ఊరంతా ఈయన్ని తిడుతోంది. నేనూ తిట్టాను. నువ్వు నోట్లో ఏం పెట్టుకుని కూర్చున్నావురా?"

"సిగ్గేసింది నాన్నా. అన్నం కూడా సరిగ్గా దిగలేదు."

"అబద్ధం మామయ్యా" అంది తెర వెనకనుంచి వినార్సి. "మూడు పూటలా తిన్నాడు. నిన్న చేప రెండు ముక్కలు అడిగి వేయించుకున్నాడు."

పదకొండు రోజుల తర్వాత కూతురి గొంతు విన్నాడు లెగిమిన్. అచ్చం రుకియెం గొంతు, అదే సమయానికి. సార్పిన్ కోపంగా ఉండబోయాడు గానీ మీసం కింద పెదవి ఆగలేదు. ముందు ఆయన నవ్వాడు. నవ్వాక ఇంకేం చేస్తాడు?

"తాగండి బావగారూ" అన్నాడు. వెంటనే గ్లాసు ముట్టుకుని చూసి, "చల్లారిపోయింది, వేరేది తెప్పిస్తా" అన్నాడు.

"వద్దండీ. ఇది చాలు." లెగిమిన్ ఆ చల్లటి టీ అడుగుదాకా తాగాడు. అంత రుచైన టీ తాగలేదని తర్వాత చాలామందితో చెప్పాడు.

హర్తోయో వచ్చి ఎదురుగా నేల మీద మోకాళ్ల మీద కూర్చున్నాడు. మామగారి చెయ్యి రెండు చేతులా పట్టుకుని కళ్లకద్దుకున్నాడు. వదిలేముందు తలెత్తాడు.

"ఒక్క మాట మామయ్యా. చేసింది తప్పే. కానీ సగం మైదానంలో చొక్కాకి ఎర్ర కార్డంటే నేను ఇప్పటికీ ఒప్పుకోను. ఒక్కణ్ణి తీసేస్తే మిగతా పదిమందికి శిక్ష పడుతుంది. వాళ్లేం చేశారు?"

లెగిమిన్ అల్లుడి వైపు చూశాడు. ఇన్నేళ్లలో వాడు తన మాటకి ఎదురుచెప్పడం అదే మొదలు. కోపం రావాల్సింది. రాలేదు. ఒంట్లోంచి బరువు దిగినట్టయింది.

"ఈ మాట ఆ బుధవారం అని ఉండాల్సింది" అన్నాడు. "ఒప్పుకోవద్దు. వచ్చే ఏడు వసారాలో నిలబడి, ఇలాగే, అందరికీ వినపడేట్టు చెప్పు. నాకు జవాబు తెలీదు, ఆలోచిస్తాను."

"వచ్చే ఏడు మీరు రిఫరీ కాదుగా?"

"టీ తాగడానికి వస్తానురా."

శనివారం పొద్దున సార్పిన్ ఇంటి పెరట్లో కొబ్బరాకుల పందిరి కింద వినార్సిని పీట మీద కూర్చోబెట్టారు. ఒంటికి చీర చుట్టి, జడలో మల్లెలు పెట్టారు. పెద్ద మట్టి బానలో ఏడు బావుల నీళ్లు, పైన గులాబీ రేకులు. స్నానం చేయించే ముసలావిడ వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంది, పోసేవాళ్లు ఏడుగురుండాలి.

"పిల్ల తండ్రితో కలిపి ఆరుగురే ఉన్నారు. ఇంకో చెయ్యి కావాలి. ఆ పిన్నిగారు వస్తారన్నారే?"

"వద్దని చెప్పి పంపించాను" అన్నాడు సార్పిన్. కొబ్బరిచిప్ప తీసి లెగిమిన్ చేతిలో పెట్టాడు. "ఏడో వంతు మా వియ్యపురాలిది. ఆవిడ తరఫున కూడా మీరే పోయండి, బావగారూ. ముందు మీది, తర్వాత ఆవిడది."

లెగిమిన్ చిప్ప నీళ్లలో ముంచాడు. దీవెన మాటలు పొద్దున్నుంచీ మనసులో చెప్పుకుంటూనే ఉన్నాడు, ఒక్కటీ నోటికి రాలేదు. పోశాడు. కొండ బావుల నీళ్లు కదా, వినార్సి ఒళ్లంతా జలదరించి, పొట్ట రెండు చేతులా పట్టుకుంది.

"నాన్నా! చలేస్తోంది, అమ్మది తొందరగా పొయ్యి!"

పెరడంతా నవ్వింది. కళ్లలోంచి కారేదీ గడ్డం మీద పడ్డ నీళ్లూ కలిసిపోయి ఏది ఏదో తెలియని మొహంతో ఆయన కూడా నవ్వుతూ, రెండో చిప్ప నింపాడు.